ఆదోని కవచాల మీది చుక్కల రాత
(దక్కన్ ఇనుము, ఉక్కు చరిత్ర: 7వ భాగం)

కోనసముద్రం మూసల్లో ఉక్కు ఎలా తయారైందో, దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ వర్తకులు నిజామాబాదు పల్లెల దాకా ఎలా వచ్చారో కిందటి భాగంలో చెప్పుకున్నాం. ఆ ఉక్కులో ఎక్కువ భాగం కత్తులైంది. మరి ఆ కత్తిని ఆపడానికి ఒంటి మీద వేసుకున్న ఇనుము సంగతేమిటి? గోల్కొండ, బిజాపూరు, విజయనగరం దండుల్లో కవచం తొడుక్కున్నవాళ్ళు తక్కువమందేమీ కాదు. వాళ్ళ జోళ్ళు, శిరస్త్రాణాలు, చేతి తొడుగులు ఎక్కడికి పోయాయి?

చాలావరకు కొలిమిలోకే పోయాయి. యుద్ధం ముగిశాక కవచానికి ఊళ్ళో పని ఉండదు, ఇనుముకు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. నాగలి కర్రుకు, కొడవలికి, బండి చక్రం పట్టాకు, తలుపు గొళ్ళేనికి పాత ఇనుమే ఆధారం. కమ్మరి దాన్ని వదులుకోడు. కొలిమి నుంచి తప్పించుకున్న వాటిని తుప్పు తినేసింది. రేకు అయితే రెండు వైపులే తుప్పు పడుతుంది. సన్నని తీగ రింగులతో అల్లిన గొలుసు కవచానికి నాలుగు పక్కలా గాలీ తడీ తగులుతాయి. నాలుగు వానాకాలాలు ఏ బురుజు మూలనో కుప్పగా పడి ఉంటే అది ఎర్రమట్టి ముద్దగా మారిపోతుంది.

అందువల్ల మన కవచాల చరిత్రలో ఒక విచిత్రం జరిగింది. ఇంటి దగ్గర ఉన్నవి నశించాయి. దోపిడీలో పరాయి చేతికి చిక్కినవి బతికాయి. అలా బతికిన వాటిలో అన్నిటికన్నా పేరున్నవి కర్నూలు జిల్లా ఆదోనివి. దక్కన్ ఆయుధాలు సేకరించేవాళ్ళకు లండన్‌లోనైనా న్యూయార్కులోనైనా ఆ ఊరి పేరు తెలుసు. పత్తి మార్కెట్టుకు వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

కోట, సిద్దీ, బికనీరు రాజు

ఆదోని కోట విజయనగరానిది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత మూడేళ్ళకు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. నల్లరాతి గుట్టల మీద అంచెలంచెలుగా లేచిన కోట అది. తుంగభద్ర, కృష్ణల నడుమ సీమ ఎవరిదో తేల్చుకోవాలంటే ఈ కోట చేతిలో ఉండాలి.

1680ల్లో అక్కడి దొర సిద్దీ మసూద్ ఖాన్, ఆఫ్రికా మూలాల హబ్షీ. పన్హాలా ముట్టడిలో శివాజీని నెలల తరబడి దిగ్బంధించిన కర్నూలు సిద్దీ జౌహర్‌కు అల్లుడు. 1678 నుంచి అయిదేళ్ళు బాల సుల్తాను సికందర్ పేరిట బిజాపూరు రాజ్యాన్ని నడిపినవాడు. దర్బారులోని ముఠాల గొడవలతో విసిగి, పదవి వదిలేసి ఆదోనికి వచ్చి కూర్చున్నాడు. తన కోట, తన ఆయుధశాల, తను కట్టించిన జామా మసీదు. ఆ మసీదు ఇప్పటికీ ఊళ్ళో ఉంది. దాన్ని చూసినవాళ్ళకు ఆయన ఆదోనిలో ఊరికే తలదాచుకోలేదని, ఒక చిన్న రాజధానే పెట్టుకున్నాడని అర్థమవుతుంది.

1686లో బిజాపూరు పడింది. 1687 సెప్టెంబరులో గోల్కొండ పడింది. ఇక మిగిలిన ముఖ్యమైన కోట ఆదోని. ఔరంగజేబు అక్కడికి ఫిరోజ్ జంగ్‌ను పంపాడు. ఈ ఫిరోజ్ జంగ్ మొదటి నిజాం తండ్రి. ఫిరోజ్ జంగ్ తండ్రి కిలిచ్ ఖాన్ అంతకు ముందు ఏడాదే గోల్కొండ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు చెయ్యి తెగిపడి చనిపోయాడు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఉంది. కత్తినీ బాణాన్నీ ఆపడానికి పుట్టిన కవచం ఫిరంగి గుండు ముందు ఎంత నిస్సహాయమో ఆ చావు చూస్తే తెలుస్తుంది. కవచాల కాలం అప్పటికే ముగింపుకు వచ్చింది. అయినా దక్కన్ గుర్రపు రౌతులు ఇంకో వందేళ్ళ పాటు వాటిని విడవలేదు.

ముట్టడి గురించి ఆదోనిలో ఒక కథ చెబుతారు. ఎన్ని గుళ్ళు పేల్చినా సిద్దీ లొంగలేదట. చివరికి మొగలు సేనాని తోపులను జామా మసీదు వైపు తిప్పించాడట. మసీదు కూలడం చూడలేక సిద్దీ కోట తాళాలు ఇచ్చేశాడట. జనం నోటి కథ కాబట్టి అంతవరకే దాని విలువ. చరిత్ర పత్రాల ప్రకారం సిద్దీ మసూద్ 1688 ఆగస్టులో లొంగిపోయాడు. కోటకు ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. గెలిచిన ఫిరోజ్ జంగ్‌కూ సుఖం దక్కలేదు. ఆ ఏడాది చివర బిజాపూరులో విరుచుకుపడిన మహమ్మారిలో ఆయన రెండు కళ్ళూ పోయాయి. తరువాతి జీవితమంతా గుడ్డివాడిగానే సైన్యాన్ని నడిపాడు.

కోట బాధ్యత బికనీరు రాజు అనూప్ సింగ్ చేతికి వచ్చింది. 1669లో గద్దెనెక్కిన ఈ రాఠోడ్ రాజు జీవితంలో ఎక్కువ భాగం దక్కన్‌లోనే, ఔరంగజేబు కొలువులోనే గడిచింది. మహారాజా బిరుదు కూడా దక్కన్ యుద్ధాల్లో సంపాదించుకున్నదే. 1698లో చనిపోయింది కూడా ఆదోనిలోనే. ఎడారి దొర రాయలసీమ గుట్టల మధ్య కన్నుమూశాడు.

ఆయనలో నన్ను పట్టి ఆపే గుణం ఒకటుంది. దొరికినదాన్ని ఊరికే మోసుకుపోయే మనిషి కాదు. దక్కన్‌లో యుద్ధాల గందరగోళంలో చెదిరిపోతున్న సంస్కృత తాళపత్రాలను, కాగితపు ప్రతులను ఏరి బికనీరుకు పంపించాడు. ఈనాడు అనూప్ సంస్కృత గ్రంథాలయం అంటున్నది ఆ కుప్పే. లోహ విగ్రహాలను కూడా కరిగిపోకుండా పంపించాడు. బికనీరు జునాగఢ్ కోటలో ముప్ఫై మూడు కోట్ల దేవతల గుడి అని ఒకటుంది. దక్కన్ నుంచి వెళ్ళిన ఆ విగ్రహాలు అక్కడ చేరాయి. ఆదోని ఆయుధశాలలోని కవచాలు, కటార్లు, శిరస్త్రాణాలు కూడా అదే దారి పట్టాయి.

ఆ సరుకు బికనీరు తోషాఖానాకు, అంటే రాజుగారి ఖజానాకు, చేరినప్పుడు ఎవరో ఒక గుమాస్తా చేసిన పని వల్లనే మనం ఈరోజు ఆదోని పేరు చెప్పుకోగలుగుతున్నాం. ఉలిమొన లాంటి పనిముట్టుతో ఇనుప రేకు మీద చుక్క పక్కన చుక్క పొడుస్తూ, నాగరి లిపిలో రాశాడు: మహారాజా అనూప్ సింగ్ పేరు, ఆదోని పేరు, విక్రమ శకం సంవత్సరం. చెక్కుడు పని కాదు, అలంకారమూ కాదు. అక్షరాలు వంకరటింకరగా, రేకు అంచున ఎక్కడ చోటుంటే అక్కడ ఉంటాయి. మన ఇళ్ళల్లో ఇత్తడి బిందెల మీద ఇంటిపేరు కొట్టించుకుంటామే, అచ్చం అలాంటి చుక్కల రాత.

ఈ కవచాల గురించి రాసేవాళ్ళు 1689 అని ఒకరు, 1691 అని ఒకరు వేస్తారు. కోట పడింది మాత్రం 1688లో. దీన్ని తప్పు అనుకోనక్కర్లేదని నా అభిప్రాయం. రాసినవాడు యుద్ధం చూసినవాడు కాడు, సరుకు లెక్కకట్టినవాడు. గెలుపు ఒక నాడు, పంపకం ఇంకో నాడు, ఖాతాలో ఎక్కించడం మరో నాడు. తోషాఖానా వాడికి ముఖ్యం తన ఖాతా తేదీ.

ఒక రింగు దగ్గరగా చూస్తే

దక్కన్ కవచాల్లో ముఖ్యమైనది జిరా బక్తర్. ఒట్టి గొలుసు అల్లిక ఉన్నదాన్ని జిరా అంటారు. ఆ అల్లికలో ఛాతీకి, పొట్టకు, వీపుకు ఇనుప రేకులు వరసలుగా కూర్చి అమరిస్తే జిరా బక్తర్. చొక్కాలా ముందు తెరుచుకుంటుంది, కొక్కేలతో బిగించుకోవాలి. బరువు పది కిలోల చుట్టుపక్కల. నాలుగు రేకులను తోలు పట్టీలతో ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు కట్టుకునేది చార్ ఆయీనా. తలకు ఖూద్ లేదా టోప్. దాని ముందు పైకీ కిందికీ జరిపే ముక్కు కడ్డీ, వెనక మెడ మీదికి వేలాడే గొలుసు తెర. చేతికి దస్తానా. ఇవి కాక, ఇనుము మోయలేని ఎండకు దూది దట్టించిన బట్ట అంగీలు, వాటి మీద గిల్టు మేకుల వరసలు. దక్కన్ వేసవిలో ఇనుప చొక్కా కింద దూది అంగీ వేసుకుని గుర్రం మీద పూటంతా కూర్చోవడం ఎలాంటిదో ఊహించుకోవాలి.

ఇప్పుడు రింగు. మెట్టుగూడలో మా వీధి చివర ఉండే బాబాయి లాలగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. 1893 నాటి ఆ వర్క్‌షాపులో రివెట్టు కొట్టడం, బిగించడం ఆయన చేతికి అలవాటైన పని. గొలుసు కవచం ఫోటో పెద్దది చేసి చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది తీగ తెచ్చి వంచి వదిలేసిన పని కాదురా. చూడు, చివరలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి చదును చేసిండు. మధ్యల సూది బెజ్జం. అందుల మేకు. మేకు తల ఈ పక్క నున్నగ కొట్టిండు. ఒక్కటి చెయ్యమంటే నేను చేస్త. ఇన్ని వేలు చెయ్యమంటే నా వల్ల గాదు."

ఆయన చెప్పినదే సరైన వర్ణన. ముందు ఇనుప తీగ సాగదీయాలి. కడ్డీకి స్ప్రింగులా చుట్టాలి. ఉలితో నిలువునా నరికితే రింగులు రాలతాయి. కొసలు కాల్చి చదును చేసి, బెజ్జం పొడిచి, నాలుగు రింగుల్లోంచి దూర్చి, రివెట్టు వేసి మూయాలి. ప్రతి రింగూ తన చుట్టూ నాలుగింటిని పట్టుకుని ఉంటుంది. ఒక వరస రివెట్టు రింగులు, ఒక వరస అతుకు లేని నిండు రింగులు వేసేవారు. అందువల్ల రివెట్టు పని సగానికి తగ్గేది. దక్కన్ కవచాల్లో ఆ నిండు రింగులకు కొన్నిచోట్ల ఇంకో ప్రత్యేకత కనిపిస్తుంది. సున్నా మధ్యలో అడ్డగీత గీసినట్టు, రింగు లోపల ఒక అడ్డకడ్డీ ఉంటుంది. బాణం మొన, బల్లెం మొన రంధ్రంలోంచి దూరకుండా చేసిన ఏర్పాటు. దక్కన్ పనితనాన్ని గుర్తుపట్టే జాడల్లో అదొకటి.

కోనసముద్రం ఉక్కు వీటికి వాడారా అని పాఠకులు అడగవచ్చు. గొలుసుకు వాడరు. ఆ ఉక్కులో కర్బనం ఎక్కువ. కత్తి అంచుకు అది వరం, సన్నని తీగగా లాగబోతే పెళుసుగా విరుగుతుంది. రింగులకు కావలసింది మెత్తని ఇనుము. కొన్ని శిరస్త్రాణాల గిన్నెల్లో, చార్ ఆయీనా రేకుల్లో మాత్రం ఆ ఉక్కు నీటి అలల నమూనా కనిపిస్తుంది.

తార్నాక కాగితాలు

ఆదోని కథలో వస్తువులు బికనీరు దారి పట్టాయి. కాగితాలు మాత్రం మన దగ్గరే ఉన్నాయి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లు దాటి తార్నాక వైపు వస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయం పొరుగున తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మెట్రో దిగి ఆ పక్కగా నడిచే విద్యార్థులకు అది ఇంకో ప్రభుత్వ భవనం. లోపల ఉన్నది మొగలు దక్కన్ దఫ్తరం: షాజహాన్ కాలపు పత్రాలు వేలల్లో, ఔరంగజేబు కాలపువి లక్షకు పైన. ఔరంగాబాదులో ఉన్న ఈ రాశి 20వ శతాబ్దపు తొలినాళ్ళలో హైదరాబాదుకు వచ్చింది. ఉస్మానియాలో చరిత్ర చెప్పిన యూసుఫ్ హుసేన్ ఖాన్ వాటిలోంచి కొన్ని ఏరి 1950లో షాజహాన్ కాలపు సంపుటాన్ని, 1958లో ఔరంగజేబు కాలపు సంపుటాన్ని తెచ్చారు. కుతుబ్‌షాహీల చరిత్రను ఒక కొలిక్కి తెచ్చిన హారూన్ ఖాన్ షేర్వానీ కూడా ఈ క్యాంపస్ మనిషే. దక్కన్ చరిత్ర రాయడానికి ఇంతకన్నా తగిన పేట ఇంకొకటి లేదని నేను నమ్ముతాను.

ఆ పత్రాల్లో పెద్ద భాగం అర్జ్ ఓ చెహ్రా అనేవి. మన భాషలో హాజరు పట్టీ, ఆనవాళ్ళ చీటీ కలిపినది అనుకోవచ్చు. మన్సబ్‌దారు తన కింద ఇంతమంది రౌతులున్నారని జీతం తీసుకుంటాడు. నిజంగా ఉన్నారా, లేక తనిఖీ నాడు అద్దె మనుషులను, అద్దె గుర్రాలను నిలబెట్టాడా? దాన్ని పట్టుకోవడానికి ఈ చీటీలు. రౌతు పేరు, తండ్రి పేరు, ఊరు, తెగ. ఒంటి రంగు, కనుబొమలు, ముక్కు తీరు, పుట్టుమచ్చ ఎక్కడ, గాయపు మచ్చ ఎక్కడ. తర్వాత గుర్రం: రంగు, సుడి, వాత. అంతా శికస్తా రాతలో, కలం ఎత్తకుండా పరుగెత్తిన గీతల్లో.

గాయపు మచ్చల దగ్గర నేను ఆగిపోతాను. కుడి కనుబొమ మీద కత్తి గాటు, ఎడమ చెంప మీద మచ్చ అని గుమాస్తా రాశాడంటే, అది టోప్ ముక్కు కడ్డీ కాపాడలేకపోయిన చోటు. మ్యూజియంలో కవచం చూస్తే అది ఎక్కడెక్కడ కప్పిందో తెలుస్తుంది. ఎక్కడ కప్పలేకపోయిందో తార్నాక కాగితం చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివే పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో జరగాలి. ఫారసీ, అందులోనూ శికస్తా చదవగలిగే యువకులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో ఇది తొందరగా జరగాల్సిన పని.

కవచం రౌతు సొంతమే. విలియం ఇర్విన్ 1903లో మొగలు సైన్యం మీద రాసిన పుస్తకంలో ఈ ఏర్పాటు వివరంగా ఉంది: గుర్రం, ఆయుధం, కవచం రౌతే తెచ్చుకోవాలి. కాబట్టి అది ఇంటి ఆస్తి. తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది, కుదువ పెట్టుకునేది, తెగిన చోట పాత కవచం ముక్క అతికించుకునేది. ఒకే కవచంలో మూడు రకాల రింగులు కనిపిస్తే నకిలీ అనుకోకూడదు. చాలాసార్లు అదే అది బతికిన బతుకుకు సాక్ష్యం.

సముద్రం అవతలి చుట్టాలు

జిరా బక్తర్ లాంటి అమరిక మన దగ్గరే పుట్టింది కాదు. తురుష్క, పారశీక దేశాల్లోనూ ఉంది. గొలుసుతో రేకులు కలిపిన ఈ కుటుంబంలో తూర్పున ఉన్న ఒక చుట్టం ఫిలిప్పీన్స్ దక్షిణ దీవుల్లో కనిపిస్తుంది. మిందనావో, సులు దీవుల ముస్లింలను స్పెయిన్ వాళ్ళు మోరోలు అన్నారు. తౌసుగ్, మగిందనావో, మరనావో తెగల సర్దారులు అలాంటి అమరికతోనే కవచాలు చేయించుకున్నారు. కానీ ఇనుము కాదు. రేకులు ఇత్తడివి, లేదా నల్లని దున్నపోతు కొమ్మును కోసి చదును చేసినవి. వాటిని కలిపే రింగులు ఇత్తడి తీగవి, లావువి, రివెట్టు లేనివి. ఉప్పుగాలి తగిలే దీవుల్లో, ఇనుము తుప్పు పట్టే తేమలో కొమ్ము, ఇత్తడి ఎంచుకోవడం తెలివైన పని. మరనావోలు ఇత్తడి పోతపనిలో దిట్టలు. వాళ్ళ తుగాయా పట్టణం ఇప్పటికీ అందుకు ప్రసిద్ధి. శిరస్త్రాణం మాత్రం చూడగానే 16వ శతాబ్దపు స్పెయిన్ సిపాయి టోపీ గుర్తొస్తుంది. నడినెత్తి మీద శిఖ, కళ్ళ మీదికి అంచు. మూడు వందల ఏళ్ళు ఎవరితో పోరాడారో వాళ్ళ టోపీనే తమ ఇత్తడిలో పోసుకున్నారు.

స్పెయిన్ తర్వాత అమెరికా వచ్చింది. 1906లో బుద్ దాహో కొండ మీద, 1913 జూన్‌లో బుద్ బగ్సక్ మీద ఆడా మగా పిల్లా పెద్దా అనకుండా మోరోలు చచ్చిపోయారు. ఈ రెంటి నడుమ, 1911లో, గవర్నరు జాన్ పెర్షింగ్ ఆయుధాలన్నీ అప్పగించమని ఉత్తర్వు ఇచ్చాడు. కత్తులు, బల్లేలు, కవచాలు సిపాయిల పెట్టెల్లో అమెరికా చేరాయి. వాటిలో చాలావాటికి ఏ ఊరు, ఏ సర్దారు, ఏ ఏడాది అన్నది రాసిపెట్టినవాడు లేడు. ఇళ్ళల్లో గోడకు వేలాడి, మనవళ్ళ కాలంలో వేలానికి వచ్చేసరికి "మోరో కవచం" అన్న రెండు మాటలే మిగిలాయి. అనూప్ సింగ్ గుమాస్తా చేసిన మేలు ఎంత పెద్దదో మోరో కవచాలను చూస్తే తెలుస్తుంది.

ఈ రెండు లోకాలనూ ఒక్క కప్పు కింద చేర్చిన మనిషి జార్జ్ కామెరాన్ స్టోన్. అమెరికాలో జింకు పరిశ్రమలో పనిచేసిన గనుల ఇంజనీరు. లోహం ఎరిగినవాడు కాబట్టి పిడి మీది రాళ్ళ కన్నా అలుగు మీది ఉక్కు చూసి కొన్నాడు. ప్రపంచంలోని ఆయుధాలన్నిటికీ నిఘంటువు లాంటి పెద్ద పుస్తకం 1934లో అచ్చువేసి, మరుసటి ఏడాది కన్నుమూశాడు. సేకరణ న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి రాసిచ్చాడు. మోరో దీవుల సరుకూ, తెలుగు నాయక రాజులు ఏలిన తంజావూరు కటార్లూ అందులో ఉన్నాయి. బతికి ఉండగా పుస్తకం పూర్తి చేసిన సేకర్తలు తక్కువ. స్టోన్ ఆ పని చేశాడు కాబట్టే ఆయన మీద నాకు గౌరవం.

హైదరాబాదులో సేకరించినవాళ్ళు

మన ఊళ్ళో ఈ ఆసక్తికి పెద్ద పేరు మూడో సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో తెరుచుకున్న మ్యూజియం 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. పిల్లలను తీసుకెళ్ళినవాళ్ళంతా గడియారం దగ్గరా ముసుగు రెబెకా దగ్గరా నిలబడతారు. ఆయుధాల గదిలో ఇంకొంచెం సేపు ఆగమని నా మనవి. చౌమహల్లా ప్యాలెస్‌లోనూ ఆయుధాలు చూడవచ్చు.

రాజవంశం కాని సేకర్త జగదీశ్ మిత్తల్. చిత్రకారుడు. భార్య కమలతో కలిసి హైదరాబాదులో దశాబ్దాల పాటు కొన్నారు, చదివారు, పుస్తకాలు రాశారు. చిత్రాలతో పాటు బిద్రీ, ఉక్కు మీద బంగారు తీగ అద్దిన కోఫ్త్‌గరీ పని మీద ఆయన కన్ను ఎంత సూక్ష్మమో ఆ సేకరణ సూచికలు చదివితే తెలుస్తుంది. 1976లో అన్నిటినీ ట్రస్టు కిందికి తెచ్చారు. సొంత డబ్బుతో కొన్నది ఊరికి ఇచ్చేయడం హైదరాబాదు చూసిన మంచి పనుల్లో ఒకటి.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళకు రెండు మూడు మాటలు. గొలుసు కవచం చూపిస్తే ముందు భూతద్దంతో రింగు చూడాలి. రివెట్టు లేకుండా కొసలు ఎదురెదురుగా ఆనించి వదిలేసి ఉంటే, అది 19వ శతాబ్దంలో దర్బారు ఊరేగింపుల కోసం చేసినదో, పర్యాటకులకు నిన్న మొన్న చేసినదో అయి ఉంటుంది. ఇరాన్‌లో కజార్ల కాలంలో ఇలాంటి అలంకార శిరస్త్రాణాలు చాలా చేశారు. ఇక్కడి దుకాణాల్లో అవి "మొగలు" అనే పేరుతో తిరుగుతాయి. కొత్త తుప్పు నారింజ రంగులో పొడిగా రాలుతుంది. పాతది గోధుమ నలుపులో రేకును పట్టుకుని ఉంటుంది.

కొన్నాక చేసే తప్పు ఇంకా పెద్దది. ఇత్తడి కదా అని చింతపండు, ఇనుము కదా అని గరుకు కాగితం పట్టుకుని తళతళలాడేదాకా తోముతారు. ఆ తోముడులో బంగారు పూత పోతుంది, ఉక్కు అలలు పోతాయి, అంచున ఉన్న చుక్కల రాత పోతుంది. మెత్తని బట్ట, కాస్త నూనె, పొడి గాలి చాలు. అంతకు మించి చేయాలంటే మ్యూజియం పనివాళ్ళను అడగాలి. చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువును దేశం దాటించడం నేరం, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడమూ నేరం. ఈ చట్టం యాభై ఏళ్ళ ముందే వచ్చి ఉంటే బికనీరు నుంచి బయటికి వెళ్ళిన ఆదోని కవచాల్లో కొన్ని ఇక్కడే ఉండేవి.

ఆయుధాల చరిత్రకారుడు రాబర్ట్ ఎల్గుడ్ 2004లో దక్షిణాది హిందూ ఆయుధాల మీద తెచ్చిన పుస్తకం ఆదోని, తంజావూరు సరుకుల జాడ పట్టింది. తెలుగులో ఇంతవరకు ఆ స్థాయి పని రాలేదు. ఆదోని కవచాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి మీది రాత ఏమిటో ఫోటోలతో సహా ఒక పట్టిక తయారు చేయడం పెద్ద ఖర్చయ్యే పని కాదు. ఆ పట్టిక ప్రతి ఒకటి తార్నాక ఆర్కైవ్స్‌లోనూ, ఒకటి ఆదోనిలోనూ ఉండాలి. ఆ ఊరి బడి పిల్లలు తమ కోట ఎక్కేటప్పుడు ఈ ఆయుధశాల గురించి కూడా తెలిసి ఎక్కాలి.

ఆదోని సరుకుకు రాసిపెట్టే గుమాస్తా దొరికాడు. తంజావూరుకు దొరకలేదు. 1855లో చివరి మరాఠా రాజు శివాజీ కొడుకు లేకుండా చనిపోవడంతో రాజ్యం కుంపిణీ సొత్తయింది. నాయకరాజుల కాలం నుంచి పోగుపడిన ఆయుధశాలలోంచి కొన్ని మచ్చు ముక్కలు తీసి పక్కన పెట్టి, మిగిలిన కుప్పను విరగ్గొట్టి పాత ఇనుముగా అమ్మేశారు. ఆ గదులను కళ్ళారా చూసిన వాల్‌హౌస్ అనే ఇంగ్లీషు అధికారి 1878లో దాని గురించి ఒక వ్యాసం రాశాడు. వచ్చే భాగం ఆ ఆయుధశాల మీద.